ఏ కారు కొనవలెను?

చేతిలోనున్న సొమ్ము ఒక్క వస్తువునకే చాలును. కంటికి నచ్చినవి మాత్రము రెండు. ఈ చిక్కు ఎరుగని ఇల్లు శ్రోతలలో ఎవరికిని ఉండదు. నేడు మేము ముచ్చటింపబోవునది రెండు జపాను కార్లను గురించి. అయితే అవి వాకిట నిలుచునవి కావు. టెలివిజను తెరపై పరుగెత్తునవి.

హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టుపట్ల సందులు కంప్యూటరు శిక్షణాలయములకును, విద్యార్థుల హాస్టళ్లకును పేరుపడినవి. ఉద్యోగమునకు పనికివచ్చు విద్యకై జిల్లాలనుండి వచ్చిన యువకులు అక్కడ గదికి ముగ్గురు నలుగురు చొప్పున సర్దుకొందురు. అందు మా అన్నగారి కుమారుడొకడు. అక్కడినుండి మెట్రో స్తంభముల నీడన పంజాగుట్టకు నడచు త్రోవలో, ఒక మేడమీద, గంటకింతయని రుసుము పుచ్చుకొని వీడియో ఆటలు ఆడనిచ్చు చోటు కలదు. మావాడును, అతని గదిలోని మిత్రుడును ఆదివారము సాయంకాలములందు అక్కడ చేరుదురు. ఒకనాడు మమ్మును వెంటబెట్టుకొని పోయిరి.

వారాడు ఆట పేరు గ్రాన్ టురిస్మో. కజునోరి యమౌచి అను జపాను దేశీయుని ఆధ్వర్యమున 1997లో మొదటిది వెలువడినది. వీరాడుచున్నది 2022లో వచ్చిన గ్రాన్ టురిస్మో 7. పందెము నెగ్గిన కొలదియు క్రెడిట్లు అనబడు ఆటసొమ్ము చేరును. దానితో కారు కొని, ఆ కారుతో మరల పందెమునకు దిగవలెను. మరల అమ్మినను కొన్నంత వెల రాదు. ఇద్దరును ఒకే ఖాతాపై నెలనాళ్లు వంతులవారీగా ఆడి కూడబెట్టిరి. మిత్రుడు టయోటా 86 కొందమనును. మావాడు మాజ్దా రోడ్‌స్టరు అనును. గంట రుసుము నడచుచుండగనే అరగంట వాదించి, తుదకు మమ్ము మధ్యవర్తిగా నిలిపిరి. మేము పుట్టి బుద్ధెరిగి స్కూటరు తప్ప మరియొకటి నడపలేదు. పెద్దరికమునకు ఆ అడ్డు లేదు గదా!

రెండును ఇంజను ముందుండి, వెనుక చక్రములను త్రిప్పు కార్లే. మాజ్దా రోడ్‌స్టరు వంశము 1989లో మొదలైనది. వీరు తలపెట్టినది 2015 నాటి నాలుగవ తరము. పైకప్పు తీసివేయదగినది, ఇద్దరు కూర్చుండదగినది. బరువు 990 కిలోలు, బలము 131 అశ్వశక్తి. టయోటా 86 అనునది సుబారు సంస్థతో కలిసి నిర్మించి 2012లో విడుదల చేసినది. 1983 నాటి ఏఇ86 అను కరోలా పేరే దీనికి వచ్చినది. బలము 200 అశ్వశక్తి, బరువు సుమారు 1,230 కిలోలు. లెక్క కట్టినచో ఒక్కొక్క అశ్వశక్తి లాగవలసినది రోడ్‌స్టరులో ఏడున్నర కిలోలు, 86లో ఆరు కిలోల పైచిలుకు. మిత్రుని వాదమంతయు ఈ లెక్కపైననే నిలిచినది. లెక్క తప్పు కాదు.

కాని పందెము తిన్నని బాటపైననే జరుగదు. మలుపులో కారు బరువు వెలుపలికి త్రోయును. ఆ త్రోపును ఆపునవి నాలుగు టైర్లు మాత్రమే. బరువు తక్కువైనచో బ్రేకు వేయుట ఆలస్యమైనను సర్దుకొనవచ్చును. బలము తక్కువైనచో మలుపు మధ్యనే తొందరపడి వేగము పెంచినను వెనుక చక్రములు జారవు. 86ను దాని నిర్మాతలు కావలెననియే జారుడు స్వభావముతో చేసిరి. ప్రియస్ అను పొదుపు కారునకు వాడిన రకపు టైర్లనే దీనికిని తొడిగిరి. చేయి తిరిగినవానికి అది వేడుక, క్రొత్తవానికి ఆపద.

రోడ్‌స్టరు నిర్మాతలు గుఱ్ఱమును రౌతును ఒక్కటియే కావలెనని తమ ఆదర్శముగ చెప్పుకొందురు. ఇది వినగనే మాకు నన్నయ భారతములోని నలోపాఖ్యానము జ్ఞప్తికి వచ్చినది. ఋతుపర్ణుని ఒక్క దినమున విదర్భకు చేర్పవలసి, బాహుకుడు సాలలోనుండి బక్కచిక్కిన గుఱ్ఱములను ఏరి తెచ్చెను. ఇవి ఎట్లు పోగలవని రాజు కోపించెను. రథము కదలిన పిదప ఆ మాట మరల ఎత్తలేదు.

ప్రక్క యంత్రముపై ఆడు కుర్రవాని యొద్ద రెండు కార్లును ఉండుటచే పరీక్షకు వీలు చిక్కెను. సుకుబా అను బాట చుట్టు రెండు కిలోమీటర్లు, అన్నియు మలుపులే. 86పై మిత్రుడు ఒక చుట్టు మావానికంటె వేగముగ తిరిగెను. కాని ఐదు చుట్లలో మూడింట గడ్డిపైకి పోయెను. రోడ్‌స్టరుపై మావాడు ఒక్కసారియు బాట దిగలేదు. ఫుజీ బాటపై దాదాపు కిలోమీటరున్నర తిన్నని దారి కలదు. అక్కడ 86 మన కన్నుల ముందే దూరమైపోయెను. సొమ్ము ఒక్క కారుకే చాలునప్పుడు, ఆట క్రొత్తదైనప్పుడు, రోడ్‌స్టరే కొనదగినదని తీర్పు చెప్పితిమి.

మిత్రుడు మారు పలుకలేదు. మెట్లయొద్దకు పోయి నిలిచెను. అప్పుడు మావాడు మెల్లగా మాతో చెప్పెను: ఆ పిల్లవాని తండ్రి ఊరిలో అద్దెకు టయోటా క్వాలిస్ నడపి, ఆ సంపాదనతోనే ఇక్కడి శిక్షణకు రుసుము కట్టినాడట. ఈ సంగతి ముందే చెప్పవలసినది. చెప్పినను మా లెక్క మారెడిది కాదేమో. తీర్పు చెప్పు తీరు మారియుండును.

ఈ రెండు కార్లలో ఏదియు మన దేశపు అంగళ్లలో అమ్మకమునకు వచ్చినది కాదు. పంజాగుట్ట కూడలిలో ఎంతసేపు నిలిచినను వీరికి కనబడదు. కొనుటకు ఆ తెర ఒక్కటే అంగడి.

మావాడు మిత్రుని పిలిచి, తానే మీట నొక్కి 86 కొనెను. మేమును కాదనలేదు. మిగిలిన కొద్ది సొమ్ముతో పట్టుగల టైర్లు కొనుడని మాత్రము చెప్పితిమి. మొదటి వంతు మిత్రునిది. రెండవ మలుపులోనే గడ్డిపైకి పోయి, ఇద్దరును పెద్దగా నవ్వుచుండగా, గంట ముగిసినదని యజమాని కేక వేసెను. మరియొక గంటకు రుసుము మేము చెల్లించితిమి.