ఆట కోసం రాసిన కోడ్

 

ఈరోజు పట్టా అందుకున్న మీతో నేను మాట్లాడబోయేది కంప్యూటర్ ఆటల గురించి. ఈ మాటకి వెనక వరుసల్లో కూర్చున్న తల్లిదండ్రులు కొందరు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. వాళ్ల భయం నాకు తెలుసు. గేమింగ్ అంటే మన ఇళ్లలో ముందు గుర్తొచ్చేది రమ్మీ యాప్‌లు, ఖాతాలోంచి మాయమైన డబ్బు, అప్పులవాళ్ల ఫోన్లు. తెలంగాణ 2017లోనే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధించింది. ఆ గొడవ ఇక్కడ వద్దు. ఆడాలన్న కోరికతో కొందరు కూర్చుని రాసిన కోడ్ ఏం సాధించిందో, అందులో మన వంతు ఎంతో, ఆ రెండే నేను చెప్పాలనుకున్నవి.

మీలో బీజీఎంఐ, ఫ్రీ ఫైర్ ఆండ్రాయిడ్ ఫోన్లో ఆడేవాళ్లు తెలియకుండానే లైనక్స్ మీద ఆడుతున్నారు; ఆండ్రాయిడ్ అడుగున ఉన్నది లైనక్స్ కెర్నలే. పీసీ సంగతి వేరు. ఫస్టియర్లో చేరినప్పుడు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో బేరమాడి కొన్న సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ మీలో ఎంతమంది దగ్గర ఉందో నాకు తెలియదు గానీ, 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు సపోర్టు ఆపేసింది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. మెషిన్ బాగానే ఉంది, కంపెనీ వద్దంటోంది. అలాంటి మెషిన్‌లో లైనక్స్ వేసుకోమని పదేళ్ల కిందట ఎవరైనా చెబితే, మరి ఆటల సంగతేంటి అని అడిగేవాళ్లం. ఆ ప్రశ్నకి అప్పట్లో జవాబు లేదు. ఇప్పుడు ఉంది. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో విండోస్ కోసమే చేసిన ఆటల్లో చాలా భాగం లైనక్స్ మీద ఇన్‌స్టాల్ నొక్కితే నడుస్తున్నాయి. స్టీమ్ నెలనెలా చేసే హార్డ్‌వేర్ సర్వేలో లైనక్స్ వాటా 2025 అక్టోబరులో మొదటిసారి 3 శాతం దాటింది. మూడు శాతం అంటే నవ్వొచ్చు. ఒక శాతం దగ్గరే ఏళ్ల తరబడి కొట్టుమిట్టాడినదాన్ని చూసినవాళ్లు నవ్వరు.

ఇది ఎలా జరిగింది? ఆటలు చేసే కంపెనీలు దయ తలచి లైనక్స్ వెర్షన్లు ఇవ్వడం వల్ల కాదు. 1993లో వైన్ అనే ప్రాజెక్టు మొదలైంది. విండోస్ ప్రోగ్రామ్ ఏ ఫంక్షన్ని పిలుస్తుందో అదే పేరుతో, అదే ప్రవర్తనతో ఇంకో ఫంక్షన్ని లైనక్స్‌లో రాయాలి. మైక్రోసాఫ్ట్ కోడ్ చూడకూడదు. విండోస్‌లో చిన్న చిన్న పరీక్షలు నడిపి, ఇలా అడిగితే అది ఇలా జవాబిస్తోంది అని గమనించి రాయాలి. విండోస్ తప్పుగా జవాబిస్తే ఆ తప్పుతో సహా రాయాలి, ఎందుకంటే ఏదో ఒక ఆట ఆ తప్పు మీదే ఆధారపడి ఉంటుంది. అలెగ్జాండర్ జూలియార్డ్ 1994 నుంచి ఆ ప్రాజెక్టుకి సారథి. వెర్షన్ 1.0 వచ్చింది 2008లో. పదిహేనేళ్లు! మన సెమిస్టర్ ప్రాజెక్టులకి అలవాటుపడిన బుర్రకి ఆ లెక్క ఎక్కదు.

అయినా త్రీడీ ఆటలు సరిగా నడిచేవి కావు. ఆటలు గ్రాఫిక్స్ కార్డుతో మాట్లాడే భాష డైరెక్ట్‌ఎక్స్, అది మైక్రోసాఫ్ట్ సొత్తు. 2016లో వల్కన్ అనే అందరి భాష వచ్చింది. జర్మనీలో ఫిలిప్ రీబోల్ అనే కుర్రాడికి నియర్ ఆటోమాటా ఆట లైనక్స్‌లో ఆడాలని పట్టుదల. డైరెక్ట్‌ఎక్స్ 11 మాటల్ని వల్కన్‌లోకి మార్చే దుబాసీ ఒకటి రాయడం మొదలుపెట్టాడు. పేరు డీఎక్స్‌వీకే. 2018 మొదట్లోనే స్టీమ్‌ని నడిపే వాల్వ్ కంపెనీ అతన్ని జీతమిచ్చి పెట్టుకుంది. అదే ఏడాది ఆగస్టులో వైన్‌ని, డీఎక్స్‌వీకేని కలిపి ప్రోటాన్ విడుదల చేసింది. అంతకుముందు 2015లో వాల్వ్ లైనక్స్‌తో నడిచే స్టీమ్ మెషీన్లని తెచ్చి దెబ్బతింది. అప్పుడు వాటి మీద నడిచే ఆటలు తక్కువ. 2022 ఫిబ్రవరిలో వచ్చిన చేతిలో పట్టే స్టీమ్ డెక్ నిలబడింది, ఎందుకంటే ప్రోటాన్ ఉంది. ఆ డెక్ మన దేశంలో అధికారికంగా అమ్మకానికి రాలేదు, అది వేరే బాధ.

నాకు మరీ నచ్చిన కథ ఇంకోటి ఉంది. ఏఎండీ కార్డులకి లైనక్స్‌లో వల్కన్ డ్రైవర్ సోర్సు విడుదల చేస్తామని ఏఎండీ అంటూ ఉండగా, 2016లో డేవ్ ఎయిర్లీ, బాస్ న్యూవెన్‌హూయిజెన్ అనే ఇద్దరు ఆగలేక తామే ఒకటి రాయడం మొదలుపెట్టారు. పేరు రాడ్‌వీ. తర్వాత కంపెనీది కూడా వచ్చింది. రెండూ పక్కపక్కనే పెరిగాయి. స్టీమ్ డెక్‌లో ఉన్నది కంపెనీది కాదు, రాడ్‌వీ. చివరికి 2025లో ఏఎండీ తన ఏఎండీవీఎల్‌కే ప్రాజెక్టును ఆపేసి, ఇకపై రాడ్‌వీయే మా ఓపెన్ సోర్స్ డ్రైవర్ అని ఒప్పుకుంది. చిప్ తయారుచేసినవాడి కంటే బయటివాళ్లు రాసిన డ్రైవర్ నెగ్గింది. కోడ్ అందరికీ కనిపిస్తుంది కాబట్టి నెగ్గింది. ఆట ఆడే ఒకడు ఒక షేడర్ దగ్గర తెర ఆగిపోతోందని చెబితే, ఇంకొకడు ఆ షేడర్ని విప్పి చూడగలిగాడు.

అన్నీ బాగున్నాయని చెప్పను. వాలొరెంట్ లైనక్స్ మీద నడవదు. ఫోర్ట్‌నైట్ నడవదు. మోసగాళ్లని పట్టే యాంటీ-చీట్ ప్రోగ్రామ్ కెర్నల్ లోపల కూర్చోవాలని ఆ కంపెనీల పట్టు. 2024 అక్టోబరు చివర్లో అపెక్స్ లెజెండ్స్ అప్పటిదాకా ఆడుతున్న లైనక్స్ వాళ్లకి తలుపు వేసింది. ఈజీ యాంటీ-చీట్, బ్యాటిల్ ఐ రెండూ 2021 నుంచీ ప్రోటాన్‌లో పనిచేయగలవు, ఆట చేసినవాళ్లు ఒప్పుకోవాలంతే. ఇక్కడ ఎంత గొప్ప కోడ్ రాసినా లాభం లేదు, ఎందుకంటే అడ్డం ఉన్నది సాంకేతిక సమస్య కాదు, వ్యాపార నిర్ణయం.

ఇప్పుడు మన వంతు. 2020 అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అనే కార్యక్రమంలో, ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకి నాలుగు పుల్ రిక్వెస్టులు పంపితే టీషర్టు ఇస్తామన్నారు. రీడ్‌మీ ఫైల్లో ఒక మాట చేర్చి పంపిన రిక్వెస్టులు వేలకొద్దీ వచ్చిపడ్డాయి. ఎలా పంపాలో చూపించిన వీడియోల్లో మన దేశానివీ ఉన్నాయి. ప్రాజెక్టులు నడిపేవాళ్లు తలలు పట్టుకున్నారు, మధ్యలోనే నియమాలు మార్చాల్సి వచ్చింది. రెజ్యూమెలో ఓపెన్ సోర్స్ కాంట్రిబ్యూటర్ అని రాసుకోవడానికి చేసిన ఆ పనిని నేను కాంట్రిబ్యూషన్ అనను. ప్లేస్‌మెంట్ సెల్ వాళ్లకి నా మాట నచ్చకపోవచ్చు.

మరి ఏది కాంట్రిబ్యూషన్? ఒక ఆట నిన్నటిదాకా నడిచి, అప్‌డేట్ తర్వాత నడవడం లేదనుకోండి. నడవట్లేదు ప్లీజ్ ఫిక్స్ అని రాస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ఏ కార్డు, ఏ డ్రైవర్, ఏ కెర్నల్, ఏ ప్రోటాన్, ఆటలో ఏ దృశ్యం దగ్గర ఆగింది, అన్నీ రాసి లాగ్ ఫైలు జతచేయాలి. ఇంకా ఓపిక ఉంటే గిట్ బైసెక్ట్ చేయాలి. పాత మంచి వెర్షన్‌కీ కొత్త చెడ్డ వెర్షన్‌కీ మధ్య వెయ్యి మార్పులుంటే, సగంలో ఆగి పరీక్షించి, ఏ సగంలో లోపముందో చూసి, మళ్లీ ఆ సగాన్ని సగం చేస్తే పది పరీక్షల్లో దోషి మార్పు చేతికి చిక్కుతుంది. సెకండియర్ డేటా స్ట్రక్చర్స్‌లో మీరు పరీక్ష కోసం బట్టీ పట్టిన బైనరీ సెర్చే ఇది. దీనికి డ్రైవర్ రాయడం రానక్కర్లేదు. ఒక రాత్రి నిద్ర మానుకుంటే చాలు, అది మీకు అలవాటే.

తెలుగు సంగతికి వస్తాను. లైనక్స్ డెస్క్‌టాప్‌కి తెలుగు మెనూలు ఒక్క కంపెనీలే ఇచ్చినవి కావు. స్వేచ్ఛ లాంటి సంస్థలు, వాటితో కలిసిన హైదరాబాద్ చుట్టుపక్కల ఇంజనీరింగ్ విద్యార్థులు కూర్చుని చేసినవి వాటిలో ఉన్నాయి. టక్స్ పెయింట్ అనే పిల్లల బొమ్మల ప్రోగ్రామ్ తెలుగులో వస్తుంది. కానీ ఆటల వైపు చూస్తే బోసిగా ఉంది. స్టీమ్ మెనూలు తెలుగులో లేవు, అది వాళ్ల ఇష్టం. వైన్ మాత్రం మన చేతిలోదే. దాని సోర్సులో పీఓ అనే ఫోల్డర్ ఉంది, అందులో ఒక్కో భాషకి ఒక్కో ఫైలు. టీఈ డాట్ పీఓ అనే ఫైలూ ఉంది, తెలుగు కోసం. తెరిచి చూడండి. వరుసలకి వరుసలు ఖాళీ.

ఆటలు చేయాలనుకునేవాళ్లకి ఇంకో మంచి కబురు. గోడో అనే ఉచిత గేమ్ ఇంజన్‌లో పాత వెర్షన్లకి తెలుగు రాస్తే ఒత్తులు విడిపోయి, గుణింతాలు చెదిరిపోయేవి. 2023 మార్చిలో వచ్చిన నాలుగో వెర్షన్‌లో హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ సాయంతో అక్షరాలు కుదురుకున్నాయి. మనవాళ్ల కోసమని ఎవరూ చేయలేదు. అరబిక్ వాళ్లకీ, థాయ్ వాళ్లకీ, మనకీ కలిపి ఒకేసారి బాగుపడింది. అందులో ఇంకా ఎక్కడ తెలుగు చెదురుతోందో చెప్పగలిగేది తెలుగు చదవడం వచ్చినవాళ్లే.

చివరిగా, ఆఫర్ లెటర్లు జేబులో ఉన్నవాళ్లకి ఒక పని మాట. రేపు మీలో కొందరు ఆదిబట్ల వెళ్తారు, కొందరు గచ్చిబౌలి వెళ్తారు. గచ్చిబౌలిలో మైక్రోసాఫ్ట్‌లో చేరి విండోస్ సోర్సు చూశారంటే వైన్ మీ కోడ్ తీసుకోదు, అది వాళ్ల పాత నియమం. కాబట్టి ఆ కోరిక ఉంటే చేరకముందే తీర్చుకోండి. మిగతావాళ్లు లెటర్లో మేధో సంపత్తి గురించి రాసిన పేరా చదవండి. ఆఫీసు వేళల బయట మీరు రాసే కోడ్ కూడా కంపెనీదే అని కొన్నిచోట్ల ఉంటుంది, కొన్నిచోట్ల ముందుగా అనుమతి తీసుకోమని ఉంటుంది. సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్ వాళ్లని ఈమెయిల్‌లో అడగండి, జవాబు కూడా ఈమెయిల్‌లోనే తెప్పించుకుని దాచుకోండి. ఫోన్‌లో సరేనన్న మాట ఆర్నెల్ల తర్వాత ఎవరికీ గుర్తుండదు.