అక్క కోసం చూసిన చెల్లెలు

శ్రోతలకు ముందుగా ఒక చిన్న పని. పక్కన ఎవరైనా ఉంటే కళ్లు మూసుకోమనండి. మీ వాకిట్లో ఏం కనిపిస్తోందో వాళ్లకి మాటల్లో చెప్పండి. చెట్టుంది, ఆవుంది అన్న తర్వాత ఆగిపోతాం. ఆవు ఎటు తిరిగి నిలబడింది, చెట్టు నీడ ఎక్కడిదాకా పాకింది అనేసరికి మాటలు వెతుక్కుంటాం.

ఈ పని రోజూ చేసిన పిల్ల ఒకతె ఉంది. 1879లో ఆ పిల్ల అక్క మేరీకి జబ్బు చేసి చూపు పోయింది. అప్పటికి చెల్లెలికి పన్నెండేళ్లు. ఇకమీదట అక్కకి కళ్లు నువ్వే అని తండ్రి తనకి అప్పజెప్పాడని, ఆ చెల్లెలు పెద్దయ్యాక నవలలో రాసుకుంది. ఆవిడే అమెరికా రచయిత్రి లారా ఇంగల్స్ వైల్డర్. మీకు కనబడని చోట కూర్చుని మాట్లాడుతున్న నాకు ఆవిడ మరీ దగ్గరి మనిషి అనిపిస్తుంది.

లారా 1867లో విస్కాన్సిన్ అడవుల్లో, దుంగల ఇంట్లో పుట్టింది. తండ్రి చార్లెస్‌కి ఒకచోట కాలు నిలవదు. గూడు బండి కట్టుకుని కొత్త భూముల కోసం కాన్సాస్, మిన్నెసోటా, చివరికి డకోటా మైదానాలు. ఒకచోట మిడతల దండు పైరంతా మేసేసింది. పసి తమ్ముడు పోయాడు. నవలలు మొదలుపెట్టకముందు ఆవిడ మిస్సోరిలో కోళ్లు పెంచుకుంటూ, వ్యవసాయ పత్రికకి వ్యాసాలు రాసుకునే రైతు గృహిణి. 1930లో తన జీవితకథ రాస్తే ప్రచురణకర్తలు వద్దన్నారు. అందులోంచే పిల్లల కోసం తీసి రాసిన మొదటి నవల 1932లో వచ్చింది. అప్పటికి ఆవిడకి 65 ఏళ్లు. 1943కల్లా ఎనిమిది నవలలు. కూతురు రోజ్ వాటిని దిద్దింది. ఆ దిద్దుబాటు ఎంతన్నది పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదన వాళ్లకి వదిలేద్దాం.

మనం చేతుల సంగతి చూద్దాం. లారా పుస్తకం చదివేటప్పుడు ఎవరి చేతులు ఏం చేస్తున్నాయో గమనించండి. మొదటి నవలలో అమ్మ వెన్న తీసే రోజు ఒకటుంది. చలికాలంలో మీగడ పసుపుగా ఉండదు, వెన్న తెల్లగా పాలిపోయి వస్తుంది. అమ్మకి తన బల్ల మీద ఏదైనా అందంగా ఉండాలి. ఒక రేకు గిన్నె అడుగున నాన్న మేకుతో చిల్లులు కొట్టి పెట్టాడు. ఆ గరుకు మీద క్యారెట్ తురిమి, పాలలో కాచి, గుడ్డలో వేసి పిండుతుంది. ఆ పసుపుపచ్చని పాలు మీగడలో పోస్తుంది. మనం కవ్వానికి తాడు చుట్టి చిలుకుతాం. అక్కడ పొడుగాటి జాడీలో పొడుగు కర్ర దించి పైకీ కిందికీ ఆడిస్తారు. గుడ్డలో మిగిలిన తురుము పిల్లలది. పెద్దదాన్ని కాబట్టి నాకు ఎక్కువ రావాలంటుంది మేరీ. చిన్నదాన్ని కాబట్టి నాకే అంటుంది లారా. అమ్మ సమానంగా పంచుతుంది.

ఇక్కడ వర్ణన ఎక్కడుంది? విశేషణాలు దాదాపు లేవు. ఒక పని తర్వాత ఒక పని, వరసగా. అయినా జాడీలో కర్ర చప్పుడు మనకి వినిపిస్తుంది. చూపు లేని మనిషికి చెప్పేటప్పుడు “అద్భుతంగా ఉంది” అంటే ఏం అందుతుంది? గిన్నెకి చిల్లులున్నాయంటే అందుతుంది.

ఒక్క పుస్తకమే చదివే తీరిక ఉంటే 1940లో వచ్చిన ‘ది లాంగ్ వింటర్’ చదవండి. 1880–81 చలికాలం. డి స్మెట్ అనే చిన్న ఊరు. మంచు తుఫానులకి రైళ్లు ఆగిపోయాయి. బొగ్గు అయిపోతే ఎండుగడ్డిని కట్టెల్లా మెలిపెట్టి పొయ్యిలో వేస్తారు. గోధుమల్ని కాఫీ గింజలు విసిరే చేతి మరలో వంతులవారీగా విసురుతారు. కిరసనాయిలు నిండుకుంటే అమ్మ ఒక బొత్తానికి గుడ్డ చుట్టి, ఆ గుడ్డ కొసని ఒత్తిలా పైకి లేపి, బండి ఇరుసుకి రాసే కొవ్వులో పెట్టి వెలిగిస్తుంది. ఇవే పనులు పేజీల తరబడి తిరిగి తిరిగి వస్తాయి. విసుగేస్తే వేయనివ్వండి, అది ఆ ఇంటి విసుగే. దాదాపు అన్ని నవలల్లోనూ రాత్రిళ్లు నాన్న ఫిడేలు మోగుతుంది. ఇందులో ఒక రాత్రి ఆయన కమాను తీసుకుంటాడు, చలికి కొంకర్లు పోయి వాచిన వేళ్లు తీగల మీద కదలవు. ఆ పేజీ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

అంత నిశితమైన కంటికి కనబడనివీ ఉన్నాయి. కాన్సాస్‌లో ఇంగల్స్ కుటుంబం ఇల్లు కట్టుకున్న నేల ఓసేజ్ అనే ఆదివాసీ జాతి వాళ్లది. 1935 నాటి నవల తొలి ముద్రణలో, అక్కడ మనుషులు లేరు, ఇండియన్లే, అంటే ఆ ఆదివాసులే, ఉన్నారు అనే అర్థం వచ్చే వాక్యం అచ్చయింది. పాఠకుల నుంచి ఉత్తరం వచ్చాకే ఆవిడ పొరపాటు ఒప్పుకుంది. 1953 ముద్రణలో ‘మనుషులు’ అన్న చోట ‘వలస వచ్చినవాళ్లు’ అని మార్చారు. 2018లో అమెరికా గ్రంథాలయ సంఘం పిల్లల విభాగం, ఆవిడ పేరిట ఇస్తున్న పురస్కారానికి పేరు మార్చింది. నేను ఈ నవలల్ని దాచెయ్యమనను. పిల్లలకి ఇచ్చేటప్పుడు ఆ నేల ఎవరిదో కూడా చెప్పమంటాను. ఒజిబ్వే ఆదివాసీ మూలాలున్న లూయీజ్ ఎర్‌డ్రిక్ 1999లో రాసిన ‘ది బర్చ్‌బార్క్ హౌస్’ పక్కన పెట్టి చదివితే, ఆ శతాబ్దమే అటువైపు ఇంట్లోంచి కనిపిస్తుంది.

చివరగా 1939 నాటి ‘బై ది షోర్స్ ఆఫ్ సిల్వర్ లేక్’ నుంచి ఒక దృశ్యం. బండి మైదానంలో పోతోంది. లారా అక్కకి చెబుతోంది: దారి గడ్డిలోకి పోయి అక్కడితో తెగిపోయిందని. అదెలా కుదురుతుంది, దారి సిల్వర్ లేక్ దాకా ఉంది కదా అంటుంది మేరీ. లారాకి తెలుసు, దారి అక్కడిదాకా ఉంది. కళ్లకి మాత్రం తెగిపోయినట్టే ఉంది. బండి సాగుతూనే ఉంది, అక్క పక్కన కూర్చుని వింటోంది.