ఇటాలియను క్రియలు - ఊనిక

తెలుగును ‘ప్రాచ్య ఇటాలియను’ అని కొందరు పాశ్చాత్యులు కొనియాడిరి. రెండును అజంతములగుటయే ఈ పోలికకు మూలము. కాని ఆ భాషను నేర్వబూనిన తెలుగువానికి తొలి చిక్కు క్రియలయందే ఎదురగును.

‘కపితొ’ అను పదము పుస్తకమున కనబడినదనుకొనుడు. అందు మూడక్షరములు: క-పి-తొ. మొదటి అక్షరముపై ఊనిక నిలిపినచో ‘నేను తటస్థపడుదును’ అని అర్థము. రెండవదానిపై నిలిపినచో ‘అర్థమైనది’. చివరిదానిపై నిలిపినచో ‘అతడు తటస్థపడెను’. అక్షరములు అవియే, ఊనిక జరుగగానే కర్త మారును, కాలము మారును, ధాతువే మారును.

ఊనికను గుర్తించుటకు ముందు పదమును విడదీయవలెను. అచ్చుల నడుమ నున్న ఒంటి హల్లు తరువాతి అచ్చుతో పోవును. ద్విత్వము చీలును: ‘చదువుట’ అను అర్థముగల లెజ్జెరె, లెజ్-జె-రె అగును. ల, ర, మ, నలు ముందున్న జంటయు నట్లే: ‘మాటలాడుట’ అను పర్లారె, పర్-లా-రె. సకారము మాత్రము తరువాతి హల్లును వీడదు: ‘ఉండిపోవుట’ అను రెస్తారె, రె-స్తా-రె. మన లిపిలో సంయుక్తాక్షరము నొక్కటిగా వ్రాసినను, ఛందస్సులో దాని ముందరి అక్షరము గురువగును గదా! కావున మొదటి రెండు చీలికలు మన చెవికి క్రొత్తవి కావు.

ఇక ఊనిక. అది తరచుగా చివరినుండి రెండవ అక్షరముపై పడును, పర్లారెలో నట్లే. కాని ‘వారు మాటలాడుదురు’ అను పర్లనొలో మొదటి అక్షరమునకు జరుగును. ‘వారు టెలిఫోను చేయుదురు’ అను తెలేఫొననొలో చివరినుండి నాలుగవదానికి పోవును! ‘చూచుట’ అను వెదేరెలో నడుమ. అదే తీరున ముగియు లెజ్జెరెలో మొదట. అచ్చులో గుర్తు తప్పనిసరియగునది ఊనిక పదాంతమున నున్నపుడే. తక్కినచోట్ల చెవియే శరణ్యము.

చెవికి ఒక ఆధారము కలదు. ఊనిక పడిన అక్షరము అచ్చుతో ముగిసినచో, పదాంతమున దప్ప, ఆ అచ్చు కొంత సాగును. అందుచే ‘కపితొ’ మొదటి అర్థమున మనకు ‘కాపితొ’ వలెను, రెండవ అర్థమున ‘కపీతొ’ వలెను వినబడును. మూడవది సాగదు, తుదియక్షరము బలముగా తెగినట్లుండును.

ఈ విషయమున ఇటలీవారికిని సందేహములు లేకపోలేదు. మిల్యొరీని, తల్యవీని, ఫియొరెల్లి పండితులు కూర్చిన ఉచ్చారణ నిఘంటువును అక్కడి ప్రసార సంస్థయగు రాయ్ 1969లో వెలువరించినది.

కనుక క్రొత్త క్రియ నేర్చునపుడు అర్థముతోపాటు ఊనికను గూడ నేర్చుకొనుడు. ‘పర్లొ’ అను మాటలో మొదట నొక్కిన ‘నేను మాటలాడుదును’. చివర నొక్కిన ‘అతడు మాటలాడెను’. తన మాట తాను చెప్పబోయి పరుని మాట చెప్పకుండుటకు, పదమును బిగ్గరగా పలికి వినుటకంటె వేరు మార్గము లేదు.