పెరాక్సైడ్‌కు కొత్త దారులు, పాల క్యానుకు పాత నియమం

(సంఘాల పాలకవర్గ సభ్యుల, కార్యదర్శుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



కిందటి తరగతిలో ఒక యువ సభ్యుడు మమ్మల్ని ఇలా అడిగాడు: "అయ్యా, ఎండతోను, కుదుపుతోను నీళ్లలోంచే హైడ్రోజన్ పెరాక్సైడ్ తయారు చేస్తున్నారట. నీరూ గాలీ ఎండా కలిసి పుట్టినది కదా, వేసవిలో పాలు విరగకుండా కాస్త వేస్తే తప్పేమిటండీ?" ఇందులో రెండు సంగతులున్నాయి. ఒకటి తయారీ, రెండవది వాడకం. వేరువేరుగా మనవి చేస్తాము.

నీటి అణువుకు ఒక ఆక్సిజన్ పరమాణువు అదనంగా చేరితే హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది. 1818లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞుడు తెనార్ దీన్ని కనుగొన్నాడు. పని ముగిశాక ఇది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. అందుకే పత్తి నూలును, గుడ్డను తెల్లబరచడానికి, క్రిములను చంపడానికి దీనికి గిరాకీ. నెలల తరబడి నిలవుండే అట్టపెట్టె పాలున్నాయి కదా, ఆ అట్టను శుద్ధి చేసేదీ ఇదే. తరువాత వేడిగాలితో ఆరబెట్టి, అప్పుడు పాలు నింపుతారు.

అయితే దీని తయారీ బరువైన పని. నేడు ప్రపంచంలో అత్యధిక భాగం ఆంత్రాక్వినోన్ పద్ధతిలో తయారవుతోంది. దానికి హైడ్రోజన్ వాయువు కావాలి. దాన్ని ఎక్కువగా సహజవాయువు నుంచి తీస్తారు. ఆ పనిలో బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. పల్లాడియం అనే ఖరీదైన లోహం, రసాయన ద్రావకాలు కూడా కావాలి. తయారైన సరుకును చిక్కబరచి దూరాలకు రవాణా చేయాలి. చిక్కని పెరాక్సైడ్ చర్మాన్ని కాలుస్తుంది, మంటను పెంచుతుంది. ఇంతా చేసి, వాడేచోట మళ్లీ నీళ్లు కలిపి పలచన చేస్తారు.

ఈ ఖర్చు, కాలుష్యం తగ్గించడానికే కొత్త దారులు వెదుకుతున్నారు. మొదటిది వెలుతురు. మనం పొలంలో చల్లే యూరియాను మూతపెట్టి సుమారు 550 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో కాలిస్తే, కార్బన్ నైట్రైడ్ అనే పసుపు పొడి వస్తుంది. దాన్ని నీళ్లలో కలిపి, గాలి పంపుతూ వెలుతురు పడనిస్తే, పొడిలోని ఎలక్ట్రాన్లు కదిలి నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను చేరతాయి. అక్కడ పెరాక్సైడ్ పుడుతుంది. చాలా ప్రయోగాలలో దీనికి ఆల్కహాలు తోడు కావలసి వచ్చింది. 2019లో జపానులోని ఒసాకా విశ్వవిద్యాలయం వారు ఒక రకం రెసిన్ పొడితో, నీరు, ఆక్సిజన్ మాత్రమే వాడి, ఎండలోని శక్తిలో సుమారు అర శాతాన్ని పెరాక్సైడ్ తయారీకి మళ్లించగలిగారు. మన మిర్చి కల్లాల మీద కాసే ఎండను తలుచుకుంటే అర శాతం కూడా చిన్నది కాదు.

రెండవది కుదుపు. వంటింట్లో గ్యాసు లైటరు నొక్కితే నిప్పురవ్వ వస్తుంది. అందులో బ్యాటరీ లేదు. లోపలి పదార్థం మీద దెబ్బ పడితే విద్యుత్తు పుడుతుంది. బేరియం టైటనేట్ అటువంటి గుణం ఉన్నదే. దాని పొడిని నీళ్లలో వేసి కుదిపితే, రేణువుల ముఖాల మీద విద్యుదావేశం పుట్టి పెరాక్సైడ్ తయారవుతుంది. దీనికి మన కవ్వం చాలదు. చెవికి వినబడని ధ్వని తరంగాలతో కుదుపుతారు. వెలుతురు, కుదుపు రెండూ కలిపితే ఇంకా మేలని కొన్ని ప్రయోగాలు చూపాయి.

చిక్కులూ ఉన్నాయి. వచ్చే పెరాక్సైడ్ బాగా పలచన. పుట్టించిన వెలుతురే దాన్ని విడగొడుతుంది కూడా. ధ్వని యంత్రానికి కరెంటు ఖర్చు ఉంది. అందుచేత ఈ పని ఇంకా చాలావరకు ప్రయోగశాలల్లోనే ఉంది. ఫలిస్తే, పలచనిది చాలే చోట్ల, అంటే మురుగునీటి శుద్ధికి, నేల కడగడానికి, అక్కడికక్కడే తయారు చేసుకోవచ్చు.

ఇక రెండవ సంగతి. ఎండలో పుట్టినా ఫ్యాక్టరీలో పుట్టినా పెరాక్సైడ్ ఒకటే. పాలలో దాని పని మారదు. అది పులుపును ఆపుతుంది గాని మురికిని తీయదు, మురికి సంగతి మనకు తెలియకుండా చేస్తుంది. మిగిలిపోతే పెరుగు తోడుకోదు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద ఇది కల్తీయే.

ఒక వేసవిలో మేము ఒక సంఘాన్ని తనిఖీ చేశాము. వ్యాను రాలేదని ఎవరో మందుల షాపు సీసా క్యానులో వొంపారు. పొటాషియం అయొడైడు, గంజి కలిపిన ద్రావణం చుక్కలు వేయగానే నమూనా నీలమైంది. నలభై లీటర్ల క్యాను పారబోయించాము. అందులో ఏ తప్పూ చేయని ఇరవై ఇళ్ల పాలున్నాయి. ఒక్క గేదె మీద బతికే ఒక తల్లి పాలూ ఉన్నాయి. ఆమె మమ్మల్ని ఏమీ అనలేదు, ఖాళీ చెంబుతో వెళ్లిపోయింది. వ్యాను ఆలస్యాన్ని గురించి ఆ సంఘం వారు మాకు అంతకుముందు రెండుసార్లు చెప్పారు. మేము నోటు పుస్తకంలో రాసుకున్నామే గాని పైకి రాయలేదు. ఆ నష్టంలో మా వాటా ఉంది.

కనుక మా విన్నపం ఇది. క్యాన్లు వేడినీళ్లతో కడిగి ఆరబెట్టండి. పితికిన పాలు నీడలో ఉంచి త్వరగా కేంద్రానికి చేర్చండి, వెంటనే చల్లబరచండి. వ్యాను వచ్చిన వేళ రోజూ పుస్తకంలో రాయండి. ఆలస్యమైతే మాకు కాగితం మీద ఇవ్వండి. ఈసారి పైకి పంపే పూచీ మాది.

ఆ యువకుడు అడిగినందుకు సంతోషం. కొత్త విద్య నేర్చుకుందాం. సీసాను మాత్రం క్యాను దగ్గరికి రానివ్వవద్దు.