మెచ్చుకోలు లెక్క, అమ్మకపు లెక్క

పెనుగొండ పేరు చెప్పగనే వాసవీ కన్యకాపరమేశ్వరి ఆలయము, నగరేశ్వరస్వామి కోవెల స్ఫురణకు వచ్చును. ఎక్కడెక్కడి ఆర్యవైశ్యులకును అది పుణ్యక్షేత్రము. వర్తకులు కొలుచు క్షేత్రము గనుక, ఈనాటి వర్తకములోని ఒక చిక్కు ప్రశ్నను ఆ ఊరినుండియే ఆరంభించుట సమంజసముగా ఉండును.

పూర్వము ఇటువంటి ఊరిలో దుకాణదారునకు ప్రకటన యనగా దండోరా, కరపత్రము, సినిమాహాలులో చూపు స్లైడు. ఇప్పుడు ఆ పని చాలవరకు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, యూట్యూబులకు మారినది. వీనిని సామాజిక మాధ్యమములని పిలుచుచున్నాము. నెల తిరుగగనే చేతిలోని ఫోను కొన్ని అంకెలు చూపును. ఇంతమందికి ప్రకటన చేరినది, ఇంతమంది లైకు కొట్టిరి, ఇంతమంది వీడియో చూచిరి అని చెప్పును. ఆ అంకెలు పెద్దవిగా ఉండుటచేత మనస్సు సంతోషించును. అయితే ఆ సంతోషమును జమాఖర్చుల పుస్తకములో ఏ పద్దు క్రింద వ్రాయవలెను? ప్రకటనకు పోయిన సొమ్ము ఆ ఇంటి పిల్లల చదువునకు దాచిన సొమ్ము కావచ్చును. కనుక ఇది వేడుకకు అడిగిన ప్రశ్న కాదు.

మొదట ఆ అంకెల అర్థము తెలిసికొందము. ఒకే మనిషికి ఒక ప్రకటన మూడుసార్లు కనబడినచో, కనబడిన పర్యాయములు మూడు, చేరిన మనుష్యుడు ఒక్కడే. మొదటిదానిని ఇంప్రెషన్ అనియు, రెండవదానిని రీచ్ అనియు అందురు. ఈ రెంటిని ఒకటిగా భావించినవాడు ఒక్క గిరాకీని ముగ్గురుగా లెక్కించినవాడగును.

అంకెలు కట్టువారి పద్ధతినిగూడ విచారింపవలెను. వీడియోలను సగటున ఎంతసేపు చూచుచున్నారో చెప్పు లెక్కలో పొరపాటు జరిగినదని 2016లో ఫేస్‌బుక్ సంస్థయే ఒప్పుకొనినది. మూడు సెకండ్లయినను చూడక దాటిపోయినవారిని విడిచిపెట్టి, మిగిలినవారిమీదనే సగటు కట్టుటచేత ఆ అంకె ఉన్నదానికంటె చాల హెచ్చుగా కనబడినది. ఎండిన చేలను వదలి, పండిన చేలమీదనే ఊరి సగటు దిగుబడి కట్టినట్లయినది. మరియొక సంగతి. 2019 మొదటి మూడు నెలలలోనే ఆ సంస్థ సుమారు 220 కోట్ల దొంగ ఖాతాలను తొలగించినది. కనుక మెచ్చినవారందరును మనుష్యులేనని నమ్ముటకు వీలులేదు.

ఇక అసలు కొలతకు వత్తము. గోదావరి డెల్టా రైతునకు దీనిని వేరుగా బోధింపనక్కరలేదు. ధవళేశ్వరము వద్ద కాలువకు వదలిన నీరెంత యనునది ఒక లెక్క. శివారు చేనికి ఎక్కిన నీరెంత యనునది మరియొక లెక్క. పంట పండునది రెండవ లెక్కనుబట్టియే. ప్రకటన సంగతియు అంతే.

పెనుగొండలో ఒక చీరల దుకాణమున్నదని అనుకొందము. యజమాని నెలకు 6,000 రూపాయలు ప్రకటనకు పెట్టెను. అది 40,000 మందికి చేరినది. వారిలో 1,200 మంది దానిని తెరచి చూచిరి. 60 మంది వాట్సాపులో ధర యడిగిరి. 12 మంది తలకొక చీర కొనిరి. అనగా ఒక్కొక్క కొనుగోలుదారునకు 500 రూపాయల ప్రకటన ఖర్చు పడినది. చీర ఒక్కింటికి 600 రూపాయలు మిగులునెడల, మొత్తము 7,200 రూపాయలు. ఖర్చుపోగా 1,200 రూపాయల లాభము.

కాలువకు గండి ఎక్కడ పడినదో ఈ మెట్లే చెప్పును. చేరినవారు చాలమంది యుండి తెరచినవారు కొద్దిమందియైనచో, బొమ్మయో మాటయో ఆకర్షించలేదన్నమాట. ధర యడిగినవారు ఉండియు కొనకపోయినచో, ధర హెచ్చుగా నున్నదో, జవాబిచ్చుట ఆలస్యమైనదో చూడవలెను. ఆ లోపమునకు ప్రకటనను నిందించి ప్రయోజనము లేదు.

నరసాపురము లేసు, 2023లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆత్రేయపురము పూతరేకులు దూరదేశములకు పంపువారికి ఒక సౌలభ్యము కలదు. ప్రతి పొట్లముమీద చిరునామా ఉండును గనుక కొన్నవారెవరో స్పష్టముగా తెలియును. అయితే కొరియరు ఖర్చును, తిరిగివచ్చిన పొట్లములను తీసివేసిన పిమ్మటనే లాభము చూచుకొనవలెను.

ఇంతటితో లెక్క ముగియలేదు. ఆ 12 మందిలో నలుగురు ఏటేట ఆ దుకాణమునకే వచ్చు పాత ఖాతాదారులై, ప్రకటన లేకున్నను వచ్చెడివారైనచో? అప్పుడు ప్రకటన తెచ్చినది ఎనిమిదిమందినే. వారివలన మిగిలినది 4,800 రూపాయలు. 1,200 లాభమనుకొన్నది 1,200 నష్టముగా మారినది. మరల ఆ ఎనిమిదిమందిలో ముగ్గురు ఏడాదిలోపున ఇంకొక్కొక్క చీర కొనిరనుకొందము. 1,800 రూపాయలు చేరి, నష్టము తీరి, 600 రూపాయలు మిగులును. కనుక వచ్చినవారు కొత్తవారా, మరల వచ్చుచున్నారా యను రెండు ప్రశ్నలు లేనిదే లెక్క పూర్తికాదు.

ప్రకటన లేకున్నను వచ్చెడివారెందరో ఎట్లు తెలియును? దీనికి ఉపాయము పెనుగొండకు సమీపముననే ఉన్నది. మార్టేరు వరి పరిశోధనా కేంద్రము ఎన్నో వంగడములను తీసినది. 1982లో విడుదలైన స్వర్ణ, అనగా ఎం.టి.యు. 7029, అందులో ఒకటి. కొత్త వంగడమును పరీక్షించునప్పుడు శాస్త్రజ్ఞులు దానినొక్కదానినే నాటి బాగుగా పండినదని చెప్పరు. అదే నేలలో, అదే నీటితో, ప్రక్క మడిలో పాత వంగడమును నాటి రెంటిని పోల్చుదురు. ప్రకటనకును ప్రక్క మడి కావలెను.

అమెరికాలోని ఈబే అను అంగడి సంస్థ 2012లో ఈ పనియే చేసినది. తన పేరు పెట్టి వెదకువారికి చూపుచుండిన ప్రకటనలను కొన్ని వెదకు యంత్రములలో ఆపి చూచినది. ఆ ప్రకటనలద్వారా వచ్చుచుండినవారిలో దాదాపు అందరును ప్రకటన లేకయే మామూలు దారిన వచ్చిరి. ఇతర ప్రకటనలను పరీక్షింపగా, కొత్తవారి విషయములోను, అరుదుగా వచ్చువారి విషయములోను మాత్రము కొంత ప్రయోజనము కనబడినది.

మన దుకాణదారుడును ఈ పరీక్ష చేయవచ్చును. ఏ ప్రాంతమువారికి ప్రకటన చూపవలెనో నిర్ణయించు వీలు ఈ మాధ్యమములలో కలదు. ఒక నెల తణుకు వైపు మాత్రమే చూపి, పాలకొల్లు వైపు ఆపవలెను. మరుసటి నెల తారుమారు చేయవలెను. వచ్చిన ప్రతివారిని ఏ ఊరని అడిగి వ్రాసికొనినచో, రెండు నెలలలో కొంత నిజము తేలును. ఒక్కసారికే తీర్పు చెప్పక, మరల ఒకసారి చేసి చూచుట మంచిది.

కాలమును పోల్చుటలోను జాగ్రత్త వలయును. 2023లో అధిక శ్రావణము వచ్చినది. నిజ శ్రావణము ఆగస్టు 17న గాని ఆరంభము కాలేదు. మరుసటి యేడు శ్రావణము ఆగస్టు 5ననే వచ్చినది. ఆ రెండు ఆగస్టు నెలల చీరల అమ్మకములను పోల్చి, పెరిగినదంతయు ప్రకటన మహిమయే యనుట పొరపాటు. అందులో వరలక్ష్మీ వ్రతమునకు, పెండ్లి ముహూర్తములకు రావలసిన వాటాను ముందుగా తీసివేయవలెను. ఇంగ్లీషు నెలను ఇంగ్లీషు నెలతో గాక, శ్రావణమును శ్రావణముతో పోల్చుట న్యాయము.

అనుచరుల సంఖ్యను ఆస్తిగా భావించుటయు తగదు. 2020 జూను 29న భారత ప్రభుత్వము టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించినది. లక్షలాది అనుచరులను కూడబెట్టుకొనినవారికి ఆ సంఖ్య ఒక్కసారిగా అక్కరకు రాకుండ పోయినది. ఖాతాదారుల అనుమతితో వారి పేర్లు, ఫోను నంబర్లు తన పుస్తకములో వ్రాసి యుంచుకొనిన వర్తకుని సంబంధములు మాత్రము నిలిచినవి.

దీనికంతకును పెద్ద చదువు అక్కరలేదు. గల్లాపెట్టె ప్రక్కన ఒక నోటుపుస్తకము చాలును. వచ్చినవారు ఏ ఊరివారు, మన సంగతి ఎట్లు తెలిసినది, ఇంతకుముందు కొన్నారా, ఎంత కొన్నారు అను నాలుగు గడులు గీయవలెను. యజమాని లేని వేళ గల్లామీద కూర్చున్న ఇల్లాలైనను, కుమారుడైనను వీనిని నింపగలరు. నెలాఖరున ఆ పుస్తకమును, ఫోను చూపిన అంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చదివినచో, వచ్చే నెల ఏ ప్రకటన కొనసాగింపవలెనో, దేనిని ఆపి ఆ సొమ్ము ఇంటికి మిగుల్చుకొనవలెనో తేటపడును.