స్కాలర్‌షిప్, పన్ను రాయితీ: రైతు ఇంటికి దక్కేదేది?

(మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల మన సభ్యుడొకాయన ఫీజు రశీదుల కట్టతో ఆఫీసుకు వచ్చాడు. కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. "పిల్లల చదువుకు పన్ను రాయితీ ఉందట కదా, స్కాలర్‌షిప్ తీసుకుంటే అది పోతుందా?" అని అడిగాడు. ఆయనకు చెప్పిందే మీకూ చెబుతాను.

ముందు భయం వదిలేయండి. చదువు ఖర్చులకిచ్చే స్కాలర్‌షిప్‌పై పన్ను లేదు. ఆదాయపు పన్ను చట్టంలోనే ఈ మినహాయింపు ఉంది. ప్రభుత్వం ఇచ్చినా, ట్రస్టు ఇచ్చినా అంతే.

ఇక పన్ను రాయితీ. పాత పన్ను విధానం ఎంచుకున్నవారు ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు చూపించుకోవచ్చు. ఎల్‌ఐసీ, పీఎఫ్ అన్నీ కలిపి లక్షన్నర దాటకూడదు. హాస్టల్ ఫీజు, డొనేషన్ చెల్లవు. చేతి నుంచి కట్టిందే లెక్క. ఫీజు 60,000 ఉండి, ట్రస్టు స్కాలర్‌షిప్ 35,000 నేరుగా కాలేజీకి కట్టిందనుకోండి. తండ్రి చూపాల్సింది 25,000 మాత్రమే. కొత్త విధానంలో ఈ రాయితీ అసలే లేదు.

బ్యాంకు విద్యారుణం వడ్డీకి కూడా రాయితీ ఉంది. అదీ పాత విధానంలోనే, ఎనిమిదేళ్ల వరకే. కేంద్రం సబ్సిడీగా భరించిన వడ్డీని మనం చూపించుకోకూడదు. మన ఇళ్లలో అన్న ఉద్యోగం చేసి చెల్లెలి అప్పు తీరుస్తుంటాడు. చట్టం ఆ అన్నకు రాయితీ ఇవ్వదు. అప్పు చెల్లెలి పేరున ఉండి, ఆమే సంపాదించి వడ్డీ కడితే ఆమెకు వర్తిస్తుంది. కాబట్టి అప్పు ఎవరి పేరున తీసుకోవాలో ముందే ఆలోచించండి.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను. వ్యవసాయ ఆదాయానికి ఆదాయపు పన్ను లేదు. పన్నే లేనివాడికి పన్ను రాయితీ ఏం చేసుకోను? ఇరవై శాతం పన్ను కట్టే ఉద్యోగి 50,000 ఫీజు చూపిస్తే పదివేలు మిగులుతుంది. అదే ఫీజు కట్టిన రైతుకు రూపాయి మిగలదు. ఉద్యోగికి వచ్చేది తీసేయమని మనం అనడం లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు ఆదాయ పరిమితి రెండున్నర లక్షలు దాటదు. అంత తక్కువ ఆదాయమున్న ఇంటికి పన్ను ఉండదు. అంటే ఆ ఇంటికి ఉన్న ఆసరా ఒక్కటే, రీయింబర్స్‌మెంట్.

ఆ ఒక్కటీ సమయానికి రాకపోతే? కాలేజీ సర్టిఫికెట్లు ఇవ్వదు. తండ్రి షావుకారు దగ్గరకు వెళతాడు. 35,000కు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 8,400. బ్యాంకు వడ్డీకి రాయితీ ఇచ్చే చట్టం ఈ వడ్డీ వైపు చూడదు. ఆ రశీదుల కట్ట తెచ్చిన సభ్యుడి బాధ ఇదే. ఆయనది పన్ను సమస్య కాదు, బకాయి సమస్య.

అందుకే కార్యకర్తలకు మూడు పనులు. ఒకటి, కాలేజీ తెరవకముందే ప్రతి ఊళ్లో ఆదాయ, కుల ధ్రువపత్రాలు, ఆధార్‌తో లింకైన బ్యాంకు ఖాతా సిద్ధం చేయించండి. దరఖాస్తు గడువు దాటనీయవద్దు. రెండు, షావుకారు గడప తొక్కే ముందు విద్యాలక్ష్మి పోర్టల్‌లో బ్యాంకు రుణానికి దరఖాస్తు పెట్టించండి. మూడు, ఏ ఊళ్లో ఎంతమంది పిల్లలకు ఎన్నేళ్ల బకాయి ఉందో రాసుకొని రండి. ఆ జాబితాతోనే కలెక్టర్‌కు వినతిపత్రం ఇద్దాం.

పంటకు గిట్టుబాటు ధర ఎలా అడుగుతామో, పిల్లల ఫీజు బకాయి కూడా అలాగే అడగాలి. రెండూ మన కష్టార్జితం మీద పడే భారాలే.