ఆది ఎవరిది?

 

మన ఇళ్లలో జాకెట్టు కుట్టించాలంటే దర్జీకి ఆది జాకెట్టు ఇస్తారు. ఒంటికి కుదిరిన పాతదే కొలత. ఎవరి ఆది వాళ్లదే. రెడీమేడ్ వచ్చాక మనం ముక్కూ మొహం తెలియని వాళ్ల ఆదికి సర్దుకుంటున్నాం. అమెరికాలో 1941లో అచ్చయిన ఆడవాళ్ల కొలతల సర్వేలో దాదాపు 15 వేల మందిని, ఒక్కొక్కరిని 59 రకాలుగా కొలిచారు. పట్టికలోకి ఎక్కింది మాత్రం తెల్లవాళ్లే. మనకంటూ ఒక పట్టిక కోసం ఆరు నగరాల్లో 25 వేల మందిని స్కాన్ చేసేందుకు జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ ‘ఇండియాసైజ్’ సర్వే తలపెట్టింది. వాటిలో హైదరాబాద్ ఒకటి.

ఒకప్పుడు ఇలా ఒంటిని కొలిచే స్కానర్ ఖరీదు లక్షల డాలర్లు. 2010లో వీడియో ఆటల కోసం వచ్చిన కినెక్ట్ కెమెరా ధర అప్పట్లో 150 డాలర్లు. అది కంటికి కనబడని పరారుణ చుక్కలను ఒంటి మీద చల్లి, ఏ చుక్క ఎంత పక్కకు జరిగిందో చూసి దూరం లెక్కగట్టేది. ఇప్పుడు కొన్ని ఫోన్లూ ఆ పని చేస్తున్నాయి. కానీ మనిషి విగ్రహంలా నిలబడడు. ఊపిరి పీల్చగానే ఛాతీ కొలత మారుతుంది. చంకలు, తొడల మధ్య భాగం కెమెరాకు చిక్కవు. అక్కడ సాఫ్ట్‌వేర్ ఊహించి పూడుస్తుంది. తెర మీద మాత్రం అంతా ఒకేలా నున్నగా ఉంటుంది. పట్టాలు అందుకున్న పిల్లలూ, మీరు ఇలాంటి స్కానర్లు తయారుచేస్తే ఆ నునుపును నమ్మకండి. ఊహించినదాన్ని వేరే రంగులో చూపించండి. మూడుసార్లు కొలిచి, ఎంత తేడా వచ్చిందో రాయండి.

నన్ను ఈ ఒంటి కొలతల పనిలోకి లాగింది కృత్రిమ కాలు. మోకాలి కింద కాలు తీసేసిన మనిషికి, మిగిలిన భాగం చుట్టూ తడి ప్లాస్టర్ పట్టీ చుట్టి సాకెట్‌కు అచ్చు తీస్తారు. మొదటి నెలల్లో ఆ భాగం చిక్కిపోతూ ఉంటుంది. సాకెట్ వదులవుతుంది, ఒరుసుకుంటుంది, పుండు పడుతుంది. మళ్లీ అచ్చు, మళ్లీ నగరానికి ప్రయాణం, ఆ రోజు కూలి పోయినట్టే. దగ్గరి ఆసుపత్రిలో చవక స్కానర్ ఉంటే కనీసం కొలతకైనా ఆ ప్రయాణం తప్పుతుంది. నా ఆశంతా అక్కడే.

అయితే స్కానర్‌కు పై చర్మమే తెలుసు. ఎముక ఎక్కడ ఒత్తుకుంటుందో, ఎక్కడ నొక్కితే మనిషి ఉలిక్కిపడతాడో అచ్చు తీసేవాళ్ల బొటనవేలికి తెలుసు. వాళ్లు ఆ చోట్లను తడికి అంటుకునే పెన్సిల్‌తో గుర్తుపెడతారు; గుర్తు ప్లాస్టర్‌లోకి దిగుతుంది. లోతు మాత్రమే చూసే స్కానర్‌కు ఆ గీత కనబడదు. రంగు కెమెరాను జతచేసి ఆ గీతను ఫైల్‌లోకి తీసుకురండి. మా వర్క్‌షాప్ తలుపు తెరిచే ఉంటుంది. పెన్సిల్ నేనిస్తాను.